ఉండా, ఉంటి: ఇంగ్లీషు గతకాలానికి మన పడమటి మాట



ఈ రోజు మాట్లాడబోయేది ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక చిన్న భాగం గురించి. పాస్ట్ కంటిన్యువస్, పాస్ట్ పర్ఫెక్ట్ అని పేర్లు చెప్పి, నల్లబల్ల మీద పట్టిక గీసి, పరీక్షకు బట్టీ పట్టించే భాగం అది. వాజ్ వస్తే క్రియకు ఇంగ్ చేర్చాలి, హ్యాడ్ వస్తే క్రియ మూడో రూపం రాయాలి. ఈ పట్టిక పదో తరగతి దాటిన ప్రతివాళ్ళకూ గుర్తుంటుంది. డాక్టరు వచ్చేలోపలే రోగి చనిపోయాడన్న ఉదాహరణ కూడా గుర్తుంటుంది. కానీ నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ రెండు రూపాలూ అందవు.

చిత్తూరు సీమ పడమటి మండలాల్లో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ నేను తెలుసుకున్న సంగతి ఒకటుంది. ఈ రెండు కాలాలూ మన పిల్లలకు కొత్తవేమీ కావు. వాళ్ళ అవ్వా తాతా రోజూ మాట్లాడే మాటలో అవి ఉన్నాయి. బడికి వచ్చాక ఆ మాట మోటుదని మనమే దిద్దుతాం. ఆ తర్వాత అదే తేడాను ఇంగ్లీషులో నేర్పడానికి ఏళ్ళ తరబడి కష్టపడతాం. ఇది మార్చుకోవలసిన పద్ధతి. ఎలాగో చెబుతాను.

ముందు కుప్పం రైల్వే స్టేషనుకు పోదాం. చెన్నై నుంచి బెంగళూరు పోయే దారిలో ఉన్న ఊరు అది. పనుల కోసం రోజూ రైల్లో బెంగళూరు పోయి వచ్చేవాళ్ళు అక్కడ చాలామంది. అలాంటి ఒకరు తన పై అధికారికి ఆలస్యానికి కారణం చెప్పాలి. మూడు వాక్యాలు వినండి.

వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ లెఫ్ట్. వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ వాజ్ లీవింగ్. వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్.

మొదటి వాక్యంలో నేను స్టేషన్ చేరాను, అప్పుడు రైలు బయలుదేరింది. మరి ఎందుకు ఎక్కలేదని అధికారి అడిగితే తప్పు ఆయనది కాదు, ఆ వాక్యానిది. రెండో వాక్యంలో నేను చేరేటప్పటికి రైలు కదులుతూ ఉంది. చివరి పెట్టె కళ్ళ ముందే పోతూ ఉంది. మూడో వాక్యంలో నేను చేరేలోపలే రైలు వెళ్ళిపోయింది, పట్టాలు ఖాళీగా ఉన్నాయి. నేను స్టేషన్ చేరడం మూడింటిలోనూ ఒకటే. ఆ క్షణానికి రైలు పని ఎంతదాకా వచ్చిందో చెప్పేదే ఈ క్రియారూపం. మొదలు కాలేదా, నడుస్తూ ఉందా, ముగిసిపోయిందా అన్నదే ప్రశ్న. వాజ్ లీవింగ్ అంటే నడుస్తూ ఉంది. హ్యాడ్ లెఫ్ట్ అంటే ముగిసిపోయింది.

ఇప్పుడు తెలుగుకు వద్దాం. పత్రికల్లో, సినిమాల్లో, టీవీలో వినబడే తెలుగులో ఒక వాక్యం: నేను వెళ్ళేసరికి వాళ్ళు భోంచేస్తున్నారు. ఇది నిన్నటి సంగతి. మరొకటి: ఇప్పుడు వాళ్ళు భోంచేస్తున్నారు. ఇది ఈ క్షణపు సంగతి. క్రియ రెండు చోట్లా ఒకటే, భోంచేస్తున్నారు. నిన్నటిదో నేటిదో పక్క మాటలు చెబుతాయి, క్రియ చెప్పదు. తెలుగుకు అది లోపం కాదు. కావాలంటే భోంచేస్తూ ఉండినారు అనీ, భోంచేస్తుండగా అనీ విప్పి చెప్పుకోవచ్చు. కానీ చాలామంది విప్పరు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషుకు పోయిన విద్యార్థి వెన్ ఐ వెంట్, దే ఆర్ ఈటింగ్ అంటాడు. వెంట్ నిన్నటిది, ఆర్ నేటిది. వినేవాడికి రెండూ అతకవు.

అదే మాట పుంగనూరు పక్క పల్లెలో ఒక అవ్వ ఎలా చెబుతుందో గుర్తు చేసుకోండి. "నేను పొయ్యేటప్పటికి వాళ్ళు బువ్వ తింటా ఉండ్రి" అంటుంది. ఇప్పటి సంగతైతే "తింటా ఉండారు" అంటుంది. ఉండారు, ఉండ్రి. ఒకటి ఆర్, ఒకటి వర్. అవ్వ ఏ బడిలోనూ కాలాల పట్టిక చదవలేదు. అయినా నిన్నటి పని దగ్గర ఉండారు అని ఒక్కనాడూ అనదు.

ఇంకొన్ని చూద్దాం. "నేను తింటా ఉండా" అంటే ఇప్పుడు తింటున్నాను. "నేను తింటా ఉంటి" అంటే అప్పుడు తింటూ ఉన్నాను. ఐ యామ్ ఈటింగ్, ఐ వాజ్ ఈటింగ్. "వాన పడతా ఉండాది" ఇప్పుడు, "వాన పడతా ఉన్నింది" అప్పుడు. ఇట్ ఈజ్ రెయినింగ్, ఇట్ వాజ్ రెయినింగ్. ఊరు మారితే పలుకుబడి మారుతుంది. ఒకచోట ఉన్నింది అంటే, ఇంకొకచోట ఉండె అంటారు. ఒకరు ఉణ్ణారు అంటే, మరొకరు ఉండ్రి అంటారు. ఏ ఊళ్ళో ఎలా పలికినా నిన్నటికి ఒక మాట, నేటికి ఒక మాట వేరువేరుగా ఉంటాయి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కథల పుణ్యమా అని చిత్తూరు జిల్లా పల్లె మాట తెలుగువాళ్ళందరి ఇళ్ళకూ చేరింది. ఆ మాటను అక్కడ సాహిత్యమని మెచ్చుకున్నాం. అదే మాట మన పిల్లవాడు తరగతిలో మాట్లాడితే తలమీద మొట్టికాయ వేశాం.

పాస్ట్ పర్ఫెక్ట్ కూడా ఇంట్లోనే ఉంది. "నువ్వు పిలిచేటప్పటికే నేను తినేసి ఉంటి." నువ్వు పిలిచావు, ఆ పిలుపుకు ముందే నా తిండి అయిపోయింది. ఐ హ్యాడ్ ఈటెన్ వెన్ యూ కాల్డ్ మీ. "మేము పోయేలోపల బస్సు ఎళ్ళిపోయి ఉన్నింది." ద బస్ హ్యాడ్ లెఫ్ట్. అచ్చంగా అదే. ఈ వాక్యం చెప్పగల పిల్లకు హ్యాడ్ ప్లస్ మూడో రూపం అని సూత్రం చెప్పాల్సిన పని తర్వాత వస్తుంది. ముందు, "నువ్వు ఎళ్ళిపోయి ఉన్నింది అంటావే, దాన్నే ఇంగ్లీషువాళ్ళు హ్యాడ్ లెఫ్ట్ అంటారు" అని ఒక్క మాట చెబితే చాలు. ఆ పిల్ల ముఖంలో భయం పోతుంది.

కుప్పం పిల్లలకు ఈ వసతి మూడింతలు ఉంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోటు అది. ద్రావిడ భాషలన్నిటినీ ఒకచోట చదవడానికి 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది కూడా అందుకే అక్కడ. వీధిలో తమిళం, సంతలో కన్నడం, ఇంట్లో తెలుగు వినే పిల్లలు ఆ ఊళ్ళో ఎందరో. తమిళంలో నేను పోతున్నాను అనడానికి పోయ్‌కొండిరుక్కిరేన్ అంటారు. అప్పుడు పోతూ ఉంటిని అనడానికి పోయ్‌కొండిరుందేన్ అంటారు. పోయి ఉంటిని అనడానికి పోయిరుందేన్. కన్నడంలో హోగుత్తిద్దేనె అంటే పోతున్నాను, హోగుత్తిద్దె అంటే పోతూ ఉంటిని, హోగిద్దె అంటే పోయి ఉంటిని. మూడు భాషల్లోనూ ఒకటే కట్టడి. అసలు క్రియ ముందు వస్తుంది, దాని వెనక ఉండు అనే క్రియ వస్తుంది, ఆ ఉండు నేటిదో నిన్నటిదో చెబుతుంది. అంటే కుప్పంలో ఒక పిల్లవాడు ఇంగ్లీషు మొదటి పాఠం తెరిచేనాటికి ఈ తేడాను మూడు భాషల్లో పలుకుతూ ఉంటాడు. అంత తెలివి ఉన్న పిల్లవాణ్ణి గ్రామర్ రాదు అని వెనక బెంచీకి పంపడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అయితే ఇంటి మాట అన్నిచోట్లా దారి చూపదు. మూడు చోట్ల దారి తప్పిస్తుంది కూడా. వాటిని దాచకుండా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతపు ఇంగ్లీషులో వినబడే తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి.

మొదటిది. మనకు రెండు చోట్లా ఉండు ఒక్కటే. తింటా ఉంటి, తినేసి ఉంటి. ఇంగ్లీషు ఈ రెండు పనులకూ ఇద్దరు సాయగాళ్ళను పెట్టుకుంది. నడుస్తున్న పనికి వాజ్, వర్. ముగిసిన పనికి హ్యాడ్. మనవాళ్ళు ఉంటి అనగానే వాజ్ అనేస్తారు. అందుకే ఐ వాజ్ వెంట్, హి వాజ్ కేమ్ అని వినబడుతుంది. దీనికి మందు మన మాటలోనే ఉంది. ఉంటికి ముందున్న మాట చివర వినండి. తింటా, పోతా, వస్తా అని టా గానీ తా గానీ వినబడితే వాజ్, వర్, క్రియకు ఇంగ్. తినేసి, పోయి, వచ్చి అని ఇకారం వినబడితే హ్యాడ్. క్రియకు మూడో రూపం. వస్తా ఉంటి, ఐ వాజ్ కమింగ్. వచ్చి ఉంటి, ఐ హ్యాడ్ కమ్.

ఈ తప్పు చిన్నదని అనుకోవద్దు. వాజ్ పక్కన మూడో రూపం పెడితే ఇంగ్లీషులో అర్థం తలకిందులవుతుంది. మై బ్రదర్ హ్యాడ్ బీటెన్ హిమ్ అంటే మా అన్న అతణ్ణి కొట్టి ఉన్నాడు. మై బ్రదర్ వాజ్ బీటెన్ అంటే మా అన్నే దెబ్బలు తిన్నాడు. హి హ్యాడ్ చీటెడ్ అంటే అతను మోసం చేసి ఉన్నాడు, హి వాజ్ చీటెడ్ అంటే అతనే మోసపోయాడు. అర్జీలోనో, కంపెనీకి రాసే ఫిర్యాదులోనో ఈ ఒక్క మాట మారితే ముద్దాయి ఫిర్యాదీ అవుతాడు, ఫిర్యాదీ ముద్దాయి అవుతాడు.

రెండో చిక్కు హ్యాడ్‌ను అవసరం లేనిచోట వాడటం. దక్షిణాదిలో ఇది చాలా ఎక్కువ. యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి అంటారు. ఎందుకంటే ఇంట్లో "నిన్న తిరప్తికి పోయుంటి" అంటాం. కన్నడంలో హోగిద్దె, తమిళంలో పోయిరుందేన్ కూడా ఇలాగే వాడతారు. పోయి వచ్చేశాను, ఇప్పుడు ఇక్కడ ఉన్నాను అన్న భావం అందులో ఉంది. ఇంగ్లీషు హ్యాడ్‌లో ఆ భావం లేదు. హ్యాడ్ అనగానే ఇంగ్లీషు వినేవాడు రెండో సంఘటన కోసం చూస్తాడు. తిరుపతి పోయి ఉన్నావు సరే, ఆ తర్వాత ఏమైంది అని ఎదురుచూస్తాడు. ఏమీ లేకపోతే ఐ వెంట్ టు తిరుపతి యెస్టర్‌డే అంటే చాలు. పాత సంగతి కదా అని హ్యాడ్ పెట్టకూడదు. వెయ్యేళ్ళ కిందటి సంగతికైనా మామూలు భూతకాలమే సరిపోతుంది. గతంలో ఒకచోట నిలబడి, అక్కడినుంచి ఇంకా వెనక్కి చూసినప్పుడు మాత్రమే హ్యాడ్ కావాలి.

దీనికి మదనపల్లెను మించిన ఉదాహరణ నాకు ఎక్కడా దొరకలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో, ఇప్పుడు మనం బి.టి. కాలేజీ అంటున్న చోట, బస చేశారు. ఐర్లండు నుంచి వచ్చిన కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్. ఠాగూర్ అక్కడ విద్యార్థులకు జనగణమన పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. ఆమె ఆ బాణీకి స్వరలిపి రాశారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటను తన చేత్తో ఇంగ్లీషులోకి మార్చి, మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఈ కథను వరసగా చెప్పండి. 1911లో ఠాగూర్ పాట రాశారు. ఆ డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో అది వినబడింది. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1919లో మదనపల్లె వచ్చారు. పాటను ఇంగ్లీషులోకి మార్చారు. ఇంగ్లీషులో రోట్, వన్, కేమ్, ట్రాన్స్‌లేటెడ్. అన్నీ మామూలు భూతకాలం. ఒక్క హ్యాడ్ కూడా అక్కర్లేదు. ఒకదాని వెనక ఒకటి జరిగినట్టే చెబుతున్నాం కాబట్టి ఏది ముందో ఏది వెనకో వాక్యాల వరసే చెబుతుంది.

అదే కథను మదనపల్లె నుంచి మొదలుపెట్టండి. ఇన్ 1919 ఠాగూర్ కేమ్ టు మదనపల్లె. హి హ్యాడ్ రిటెన్ ద సాంగ్. హి హ్యాడ్ ఆల్రెడీ వన్ ద నోబెల్ ప్రైజ్. మదనపల్లెలో నిలబడి వెనక్కి చూస్తున్నాం కాబట్టి ఇక్కడ హ్యాడ్ తప్పదు. హ్యాడ్ తీసేస్తే మదనపల్లెకు వచ్చాక పాట రాశారేమో, ఇక్కడికి వచ్చాక నోబెల్ వచ్చిందేమో అని వినేవాడు తికమకపడతాడు. ఇంకొక అడుగు వేద్దాం. ఆ ఏడాది ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి. మే చివర్లో ఠాగూర్ వైస్రాయికి ఉత్తరం రాసి సర్ బిరుదు వదులుకున్నారు. మరి ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చిన ఠాగూర్ ఎవరు? అప్పటికి ఇంకా సర్ రవీంద్రనాథే. హి హ్యాడ్ నాట్ యెట్ గివెన్ అప్ హిజ్ నైట్‌హుడ్. అప్పటికి జరగని దాన్ని కూడా ఈ రూపం ఎంత కచ్చితంగా చెబుతుందో చూడండి. హ్యాడ్ నాట్ యెట్ అన్న మూడు మాటల్లో రాబోయే ఘోరం తెలియని ఒక ఫిబ్రవరి నెల ఉంది.

పాస్ట్ కంటిన్యువస్‌కు కూడా ఇక్కడే చోటుంది. ఠాగూర్ వాజ్ స్టేయింగ్ ఎట్ మదనపల్లె వెన్ హి ట్రాన్స్‌లేటెడ్ ద సాంగ్. ఆయన ఇక్కడ ఉంటూ ఉన్నారు. ఆ ఉండటం మధ్యలో అనువాదం జరిగింది. వెడల్పుగా పరుచుకున్న పనికి వాజ్ స్టేయింగ్, దాని మధ్యలో టక్కున జరిగి ముగిసిన పనికి ట్రాన్స్‌లేటెడ్. బి.టి. కాలేజీ ముందు నుంచి రోజూ పోయే విద్యార్థులు చాలామంది ఉన్నారు. వ్యాకరణ పుస్తకంలో పేరు లేని రోగి ఎందుకు, ఈ వాక్యాలు నేర్పవచ్చు కదా. ఊరి చరిత్రా వస్తుంది, కాలమూ వస్తుంది.

డాక్టరు వాక్యం గురించి కూడా ఒక మాట. బిఫోర్, ఆఫ్టర్ లాంటి మాటలు ఉన్నప్పుడు ముందు వెనకలు అవే చెబుతాయి. అక్కడ హ్యాడ్ పెట్టినా పెట్టకపోయినా తప్పు లేదు. ద పేషెంట్ డైడ్ బిఫోర్ ద డాక్టర్ కేమ్ అన్నా శుద్ధమైన ఇంగ్లీషే. హ్యాడ్ లేదని మార్కు కోసేవాళ్ళు ఇది గమనించాలి. అసలు అవసరం వెన్ దగ్గర, బై ద టైమ్ దగ్గర ఉంది. అక్కడ కాలం తప్పితే కథే తప్పుతుంది.

మూడో చిక్కు వాజ్‌ను, ఇంగ్‌ను ఎక్కడ పడితే అక్కడ వాడటం. ఐ వాజ్ నోయింగ్ హిమ్, హి వాజ్ హావింగ్ ఎ సైకిల్ అని మనం అంటాం. తెలిసి ఉండటం, కలిగి ఉండటం, నమ్మటం, ఇష్టపడటం నడిచే పనులు కావు, స్థితులు. వీటికి ఇంగ్లీషు ఇంగ్ పెట్టదు. ఐ న్యూ హిమ్, హి హ్యాడ్ ఎ సైకిల్. ఈ రెండో వాక్యంలో హ్యాడ్ ఉంది కదా అని కంగారు పడొద్దు. అది సాయం చేసే హ్యాడ్ కాదు, కలిగి ఉండటం అనే అసలు క్రియ. ఇక అలవాట్లు. "మా కాలంలో బడికి నడిచే పోతా ఉంటిమి" అంటారు పెద్దవాళ్ళు. అది ఒకనాటి పని కాదు, రోజువారీ అలవాటు. దాన్ని వి వర్ వాకింగ్ టు స్కూల్ అంటే, ఏదో ఒక రోజు బడికి నడుస్తూ ఉండగా ఏమో జరిగింది అని వినేవాడు అనుకుంటాడు. అలవాటుకు వి యూస్డ్ టు వాక్ టు స్కూల్ అనాలి. ఇక్కడ మన తా ఉంటి రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషులో వాటికి వేరువేరు రూపాలు.

ఈ తేడాలు ఎవరికి ఉపయోగం అని అడిగేవాళ్ళు ఉండవచ్చు. మదనపల్లె టమోటా మార్కెట్టు సంగతి చెబుతాను. 2023 జులైలో అక్కడ కిలో టమోటా వంద రూపాయలు దాటిపోయింది. వెన్ ద ప్రైస్ రోజ్, ద ఫార్మర్ వాజ్ సెల్లింగ్ హిజ్ క్రాప్ అంటే ఆ రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. వెన్ ద ప్రైస్ రోజ్, ద ఫార్మర్ హ్యాడ్ సోల్డ్ హిజ్ క్రాప్ అంటే ధర వచ్చేనాటికి తోట ఖాళీ. రెండు కుటుంబాల ఆ ఏటి బతుకు ఈ రెండు క్రియారూపాల మధ్య ఉంది. మన రైతుల గురించి ఇంగ్లీషులో రిపోర్టు రాసే పిల్లలు రేపు మన ఊళ్ళనుంచే రావాలి. ఆ తేడా వాళ్ళ కలానికి తెలిసి ఉండాలి.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగులకు వందేళ్ళకు పైగా నీడనిచ్చిన చోటు. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అక్కడ చేసిన సేవ, ఆ తర్వాత అక్కడే బి.సి.జి. టీకా మీద జరిగిన పరిశోధన వైద్య చరిత్రలోకి ఎక్కాయి. క్షయకు మందు నెలల తరబడి ఆపకుండా వాడాలి. జ్వరం తిరగబెట్టినప్పుడు వైద్యుడు మొదట అడిగేది, మందు వాడుతూ ఉండగా వచ్చిందా, మానేశాక వచ్చిందా అని. కేసు షీటులో అది ఇంగ్లీషులోనే రాస్తారు. హి వాజ్ టేకింగ్ ద టాబ్లెట్స్ వెన్ ద ఫీవర్ రిటర్న్‌డ్ అని రాస్తే, మందు పనిచేస్తున్నట్టు లేదు, క్రిమి మొండికెత్తిందేమో చూడాలి. హి హ్యాడ్ స్టాప్డ్ ద టాబ్లెట్స్ అని రాస్తే ఆలోచన వేరు. నర్సింగు చదివే అమ్మాయిలు మన జిల్లాల్లో వేలమంది. వాళ్ళకు ఈ పాఠం మార్కుల కోసం కాదు.

పుంగనూరు ఆవు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఈ జాతి ఒక దశలో అంతరించిపోయేదాకా వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాక దేశమంతా ఈ పేరు పలికింది. కానీ పలమనేరు పశు పరిశోధన కేంద్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఈ జాతిని కాపాడుతూ ఉంది. అప్పటికే ఎన్నాళ్ళనుంచో నడుస్తూ ఉన్న పని అని చెప్పాలంటే ఇంగ్లీషు రెండు రూపాలనూ కలుపుతుంది. ద సెంటర్ హ్యాడ్ బీన్ బ్రీడింగ్ దీజ్ కౌస్ ఫర్ మెనీ ఇయర్స్. ఎవరూ చూడనప్పుడు చేసిన శ్రమకు ఇంగ్లీషులో పేరు పెట్టాలంటే ఈ హ్యాడ్ బీన్ కావాలి.

ఇది రేడియో కాబట్టి చెవికి సంబంధించిన ఒక సంగతి చెప్పి తీరాలి. ఇంగ్లీషువాళ్ళు మాట్లాడేటప్పుడు హ్యాడ్‌ను నిండుగా పలకరు. దే హ్యాడ్ లెఫ్ట్ అనడం దేడ్ లెఫ్ట్ అని వినబడుతుంది. ఐ హ్యాడ్ సీన్ అనడం ఐడ్ సీన్ అని వినబడుతుంది. చివర ఒక్క డ్ శబ్దమే మిగులుతుంది. పైగా వుడ్ కూడా అలాగే డ్‌గా తగ్గిపోతుంది. అప్పుడు తర్వాతి మాట వినాలి. దేడ్ గాన్ అంటే హ్యాడ్, మూడో రూపం ఉంది కదా. దేడ్ గో అంటే వుడ్. కాల్ సెంటర్ ఉద్యోగాలకు, విదేశీ చదువుల పరీక్షలకు తయారయ్యేవాళ్ళు ఇంగ్లీషు వార్తలు వింటూ ఈ చిన్న డ్‌ను పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. రేపు పాస్ట్ కంటిన్యువస్ పాఠం చెప్పేముందు పట్టిక గీయకండి. నిన్న సాయంత్రం ఆరు గంటలకు మీ ఇంట్లో ఎవరెవరు ఏమేమి చేస్తా ఉండ్రో ఇంటి మాటలోనే చెప్పమని పిల్లల్ని అడగండి. అమ్మ పాలు పిండతా ఉన్నింది, నాయన మడికి నీళ్ళు కడతా ఉణ్ణాడు, నేను ఆడుకుంటా ఉంటి అని వాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నల్లబల్ల మీద తెలుగులో రాయండి, దిద్దకండి. ప్రతి ఉంటి కిందా, ఉన్నింది కిందా గీత గీసి, దాని పక్కన వాజ్ రాయండి. మరునాడు, మీరు బడికి వచ్చేలోపల ఇంట్లో ఏయే పనులు అయిపోయి ఉన్నాయో అడగండి. అక్కడ హ్యాడ్ రాయండి. పిల్లలు సొంతంగా చెప్పిన పది వాక్యాలు, పుస్తకంలోని యాభై వాక్యాలకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో మన యాస మానేయాలని పిల్లలకు చెప్పకండి. అవ్వ దగ్గర కూర్చోబెట్టి కథలు విననివ్వండి. ఉండా ఎక్కడ, ఉంటి ఎక్కడ అన్నది ఆ కథల్లోనే వాళ్ళ చెవికి ఎక్కుతుంది. ఇంగ్లీషు టీచరుకు సగం పని అక్కడే తగ్గుతుంది.